ఈశాన్య మూల గది

2020 అక్టోబరు. జర్మనీలో ఆకెన్ పక్కన చిన్న ఊళ్లో, రాతి గోడల పాత ఇల్లు. నేను అలాంటి ఇళ్ల మరమ్మతులకూ మార్పులకూ ప్లాన్లు గీసే ఆర్కిటెక్టుని. ఆ ఇల్లు డెంక్‌మాల్, అంటే చరిత్ర కోసం ప్రభుత్వం జాబితాలో చేర్చి కాపాడే కట్టడం. అలాంటి ఇంటికి కిటికీలు మార్చాలన్నా అనుమతి కావాలి. పెరట్లో చెక్క షెడ్డు వేయాలన్నా కావాలి. చట్టం కాపాడేది గోడల్నే కాదు, ఆ ఇల్లు చూసేవాళ్లకు కనిపించే తీరుని కూడా.

ఇల్లు కొన్నది గుంటూరు వైపు నుంచి వచ్చిన శాంసన్. కార్ల కంపెనీలో ఇంజనీరు. అతని భార్య సునీత కోవిడ్ వార్డులో నర్సు. శాంసన్ తల్లి మరియమ్మ గారు కొడుకుని చూడటానికి వచ్చి, విమానాలు ఆగిపోవడంతో ఉండిపోయారు. తర్వాత విమానాలు తిరిగినా, ఉబ్బసం ఉన్న మనిషిని పంపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. వార్డు నుంచి వచ్చిన కోడలు అత్తగారికి దూరంగా ఉండటానికి కెల్లర్‌లో, అంటే ఇంటి కింద నేలమాళిగలో, చెమ్మ గోడల మధ్య పడుకునేది. ఆమెకు పెరట్లో ఒక గది కావాలి. చలికాలం ముంచుకొస్తోంది.

వారసత్వ శాఖ అధికారి ఫ్రావ్ బ్రాంట్ మాస్కు పెట్టుకుని పెరడంతా తిరిగి, ఇంటి వెనక మూల చూపించింది. వీధిలోకి కనిపించని చోటు అదొక్కటే. కాంక్రీటు వద్దు, ష్రౌబ్‌ఫుండమెంట్ వాడమంది. అంటే నేలలోకి తిప్పి దించే ఇనుప స్క్రూల మీద గది నిలబెట్టడం. “రేపు తీసేస్తే ఇక్కడ గది ఉండేదని గడ్డికి కూడా తెలియకూడదు” అంది.

అనుమతి రాగానే సంబరంగా ఫోన్ చేశాను.

“అక్కడ కుదరదన్నా” అన్నాడు శాంసన్.

“ఏం?”

“అది ఈశాన్యం. బరువు పెట్టకూడదంట. విజయవాడ నుంచి వాస్తు ఆయన వీడియో కాల్‌లో చూశాడు. నైరుతిలో వేసుకోమన్నాడు.”

కారు గోడకి గుద్దుకుంటే ఏ రేకు ఎంత వంగుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే మనిషి ఇతను. ఆదివారం జూమ్ ఆరాధనలో పాటలు నడిపించేదీ ఇతనే.

“మీరు చర్చికి వెళ్లేవాళ్లు కదయ్యా?”

“వాస్తుకి మతమేంటన్నా, అది సైన్సు.”

సైన్సంటే పరీక్షకు నిలబడేదని, తను తప్పని ఎప్పుడు తేలుతుందో ముందే చెప్పగలిగేదని గొంతు చించుకున్నాను. పైగా నైరుతి అంటే వీధి వైపు, ఇంటి ముఖం పక్కనే. అక్కడ అనుమతి కలలో కూడా రాదు. అతను “సరేలే అన్నా” అన్నాడు. ఒప్పుకున్నాడనుకున్నాను.

కొద్ది రోజులకే ఫ్రావ్ బ్రాంట్ ఫోన్. “మీ క్లయింట్ వీధి వైపు పాత గోడకి ఆనించి కాంక్రీటు పోశాడు. మీకు తెలుసా?”

వెళ్లి చూశాను. సున్నంతో కట్టిన ఆ గోడ తన తడిని తానే ఆరబెట్టుకుంటూ ఇన్నేళ్లు నిలిచింది. దాని పాదాన బూడిదరంగు సిమెంటు దిమ్మ. రాళ్ల సందుల్లో రంధ్రాలు పొడిచి ఇనుప చువ్వలు. సిమెంటు తడిని లోపలే పట్టేస్తుంది, మంచు పడితే ఆ తడి గడ్డకట్టి రాయిని చీలుస్తుంది. అధికారులు పని ఆపించారు. దిమ్మని యంత్రం లేకుండా చేత్తో తీసేదాకా వెనక మూల అనుమతి కూడా నిలిపేశారు. అంటే సునీత ఇంకా కెల్లర్‌లోనే.

పెరట్లో నిలబెట్టి శాంసన్‌ని కడిగేస్తున్నాను. కెల్లర్ మెట్లెక్కి సునీత వచ్చింది, ముఖం మీద మాస్కు గీతలు.

“ఆయన్ననకండన్నయ్యా. ఆ వాస్తు ఆయనకి ఫోన్ చేసింది నేనే.”

“నువ్వా? నువ్వు నమ్ముతావా అదంతా?”

“నమ్మకం కాదన్నయ్యా. వార్డులో అన్నీ సరిగ్గా చేసినా పోయేవాళ్లు పోతన్నారు. రేపు అత్తయ్యకి ఏమన్నా అయితే వైరస్‌ని ఎవరంటారు? కోడలు ఈశాన్యంలో గది వేయించుకుని పడుకుంది, అందుకే పెద్దావిడ పోయింది అంటారు. మా వాళ్ల వాట్సాప్ గ్రూపులో అప్పుడే మొదలైంది.”

నా దగ్గరున్న వాదనలన్నీ నమ్మేవాళ్ల కోసం తయారుచేసుకున్నవి. ఈమె నమ్మడం లేదు.

పైన కిటికీ తెరుచుకుంది. “ఎవుర్రా అక్కడ నన్నప్పుడే చంపేస్తంది?” మరియమ్మ గారు.

ఆమె కిటికీలోంచి కిందికి వంగారు.

“ఆ గదిలో నేను పడుకుంటా. పిల్లని పైకి రమ్మను. నాకేమన్నా అయితే నేనే కోరి పడుకున్నానని ఆ గ్రూపులో ఇప్పుడే వాయిస్ మెసేజీ పెడతా.”

“అమ్మా, చలి...” అన్నాడు శాంసన్.

“హీటరు పెట్టు. కాంక్రీటు పొయ్యటం చేతనయింది గదా నీకు.”

ఆమె చెప్పింది నా ప్లాను కన్నా మెరుగైన ప్లాను. కాపాడాల్సిన మనిషిని విడిగా పెట్టి, మిగతా ఇల్లు మామూలుగా నడుపుకోవచ్చు. అది నాకెందుకు తట్టలేదు? కోడలు దిగి కెల్లర్‌లో పడుకోవడం అందరిలాగే నాకూ సహజంగా కనిపించింది.

శాంసన్ ఉలీ సుత్తీ పట్టుకుని దిమ్మని పగలగొట్టాడు. రంధ్రాలు సున్నంతో పూడ్పించాను. క్రిస్మస్‌కి ముందే ఈశాన్యంలో స్క్రూల మీద గది నిలబడింది. టీకా వేయించుకునేదాకా మరియమ్మ గారు అందులోనే ఉండి, ఆ తర్వాత క్షేమంగా గుంటూరు వెళ్లారు.

దాంతో వాస్తు తప్పని రుజువైందని నేననను. ఒక్క ఇంటి కథ దేనికీ రుజువు కాదు. ఆ నియమం నాకూ వర్తిస్తుంది. నన్ను ఇప్పటికీ కుదిపేది వేరే సంగతి. మృత్యువు తిరిగే వార్డులోకి రోజూ నడిచి వెళ్లిన మనిషి, చుట్టాల నోటికి భయపడి ఇంకా కొన్నాళ్లు చెమ్మలోనే పడుకుంది. మూఢనమ్మకాన్ని నమ్మేవాళ్లే నిలబెడతారని అనుకుంటూ వచ్చాను. నింద పడుతుందని భయపడేవాళ్లూ నిలబెడతారు. వాళ్లతో వాదించి లాభం లేదు, నింద వాళ్ల మీద పడకుండా చూడాలి.

అందుకే ఇప్పుడు ఏ తెలుగు ఇంటికి ప్లాను గీయాల్సి వచ్చినా, మొదటి టెర్మిన్‌లోనే, అంటే తొలి భేటీలోనే, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఒకటి అడుగుతాను: “ఈ గదిలో ఏదైనా జరిగితే ఎవర్నంటారు?” చాలామంది నవ్వేస్తారు. నవ్వని మనిషెవరో చూసుకుని, ఆ మనిషితో మాట్లాడాకే పెన్సిలు తీస్తాను.