పదకొండో చేను

చర్లలో ఫొటో స్టూడియో నడిపిన మా బసవపున్నయ్య బాబాయికి రెండు పిచ్చులుండేవి. ఒకటి, అరచెయ్యంత ఫిల్ము పట్టే చెక్క కెమెరా. రెండోది, ఫొటోలో చెట్లు నిటారుగా నిలబడాలన్న పట్టు. మేస్త్రీలా మట్టం పెట్టి మరీ కెమెరా నిలబెట్టేవాడు. అక్కడ టచప్ పని నాది, సతాయింపు ఆయనది.

ఎనభై రెండులో, కొండవాలు మీద పోడు చేసుకునే పదకొండు కుటుంబాల వాళ్ళు వచ్చారు. ఎల్లుండి సర్వేవాళ్ళు వస్తారట. ఇంటికొకరు ఎవరి చేలో వాళ్ళు నిలబడి, వాలంతా ఒకే ఫొటోలో కనబడాలట. కనబడని చేను రాసుకోరట.

ఆ రోజే కెమెరా మోసుకుని వాలు కిందికి వెళ్ళాం. పాత లెన్సుకు సగం వాలే పట్టింది. వెనక్కి జరుగుదామంటే వాగు. హైదరాబాదులో సెకండ్‌హ్యాండులో కొన్న వెడల్పు లెన్సు బిగించి, నల్లగుడ్డలో తల దూర్చాడు.

"ఇంత కొండ ఇందులో ఎట్లా పట్టిందే హైమా!"

నేనూ చూశాను. కొండ తలకిందులుగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది. మూలలు మాత్రం మసక. వెడల్పు లెన్సుకు అది మామూలేనన్నాడు. పైన తెగిన చేనూ కొండకొమ్మూ కూడా రావాలనుకున్నాడు; కెమెరా ఎత్తితే చెట్లు వాలతాయని, లెన్సును మాత్రం పైకి జరిపి నొక్కాడు.

సాయంత్రం ప్రింటు వేస్తే పై మూల నల్లగా ఉంది. అక్కడ, అన్నిటికన్నా పై చేలో నిలబడ్డ పదకొండో మనిషి జంపక్కా లేదు, ఆమె చేనూ లేదు. లెన్సు నుంచి పడే వెలుగు గుండ్రంగా ఉంటుంది. లెన్సు జరిపితే అదీ జరిగి, ఫిల్ము మూలకు అందలేదు. ఆయనకు తెలియని విద్యా ఇది? నాకు ఒళ్ళు మండింది.

"నీ చెట్ల కోసం ఆమె చేను మింగావు బాబాయ్."

ఆయన అన్నం ముట్టలేదు. పొద్దున్నే వెళ్ళి జంపక్కకు ప్రింటు చూపించి, తప్పు నాదేనన్నాడు.

"లెన్సు దించితే పైనున్న నీ చేను రాదు. కెమెరానే పైకెత్తితే వస్తది గాని, చెట్లన్నీ వాలినట్టు పడతయి."

"చెట్లు వాలితే ఎవలడుగుతరు సారూ? నేను లేకుంటే చేను పోతది."

బాబాయి అందరినీ మళ్ళీ చేలల్లో నిలబెట్టి, మట్టం తీసి జేబులో వేసుకున్నాడు. కెమెరా పైకెత్తాడు.

ఈసారి ఫొటోలో చెట్లన్నీ కల్లు తాగినట్టు పడ్డాయి. మర్నాడు సర్వే ఆయన భూతద్దం పెట్టి ఒక్కో మనిషినీ లెక్కపెట్టి, పదకొండు అని రాసుకున్నాడు. అప్పుడు జంపక్క ఆ అద్దం అడిగి తీసుకుని, చాలాసేపు వెతికింది.

"గీ నువ్వుగింజంతది నేనేనా?"

"అవ్ జంపక్కా. ఈ లెన్సుల మనుషులు చిన్నగనే పడతరు," అన్నాడు బాబాయి.

"పడనియ్యి," అంది. "ఉన్న గద."