జిరాక్స్ రేఖ

రేఖ చెయ్యి విసురు ఎలాంటిదో ఇస్నాపూర్‌లో చాలామందికి తెలుసు. పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఆమె ఆరేళ్లు పనిచేసింది. ఒకరోజు పొద్దుటి షిఫ్టులో సాల్వెంట్ ద్రవానికి నిప్పంటుకుని ఆమె ఎడమ చెయ్యి, మెడ ఒకవైపు కాలిపోయాయి. ఆస్పత్రికి సూపర్‌వైజర్ వచ్చి, తప్పంతా రేఖదేనని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. రేఖ లేచి కూర్చుని, మంచం పక్కనున్న సెలైన్ స్టాండు లాగి అతని మొహాన కొట్టింది. ముందు పళ్లు రెండు ఊడి దుప్పటి మీద పడ్డాయి. గొడవ పేపర్లకెక్కుతుందని భయపడి కంపెనీ నష్టపరిహారం తొందరగానే ఇచ్చింది.

"చూసినవా, కొడితేనే ఏదన్న వస్తది మనకు" అంది రేఖ భర్తతో.

ఆమె భర్త పాండు సరుకులు మోసే డీసీఎం వ్యాను నడుపుతాడు, నెమ్మదైన మనిషి.

ఆ డబ్బుతో రేఖ ఒక పాత జిరాక్స్ మిషన్ కొని, ఫార్మసీ కాలేజీకి ఎదురుగా షాపుకు ఒక మడిగె కిరాయికి తీసుకుంది. మొదట్లో ఆధార్ కార్డులు, రేషన్ కార్డులే వచ్చేవి. తర్వాత పిల్లలు పుస్తకాలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. ఫార్మకాలజీ పుస్తకం ఒక్కటి కొంటే ఆ ఇళ్లల్లో నెల బియ్యం ఆగిపోయేవి. అలాంటివి ఏడాదికి ఆరేడు కావాలి. పైగా కాలేజీ ఆవరణలో ఉన్న స్టాలులోనే సెట్టుగా కొనాలని, కొనకపోతే ల్యాబ్ రికార్డు మీద సంతకం పడదని కాలేజీవాళ్లు చెప్పేవారు. లైబ్రరీలో ఒక్కో పుస్తకం రెండేసి ఉండేవి, చదివేవాళ్లు నూట ఇరవైమంది.

అందరికన్నా ఎక్కువగా వచ్చేది మొదటి ఏడాది చదివే సృజన. ఆమె తండ్రి జిన్నారం దగ్గర కెమికల్ డ్రమ్ములు మోస్తాడు. లైబ్రరీ పుస్తకం తెచ్చి, "అక్కా, ఈ మూడు పాఠాలు చాలు" అని వేలితో పేజీలు చూపించేది. రేఖ మూడింటితో ఆపేది కాదు, పుస్తకం మొత్తం తీసి బైండింగ్ చేసిచ్చేది. అలా తియ్యకూడదని ఆమెకు తెలుసు. అయినా తీసేది.

స్టాలు నడిపే మహేంద్ర ఆమెకు పరాయివాడు కాదు. ఇద్దరూ ఇస్నాపూర్ బడిలో ఒకే తరగతి. ఒక మధ్యాహ్నం అతను షాపుకు వచ్చి, పిల్లలంతా వెళ్తారేమోనని కాసేపు ఆగి చూశాడు. వాళ్లు కదలలేదు.

"రేఖా, స్టాల్ కోసం కాలేజోళ్లకు మస్తు పైసలు కట్టిన. పుస్తకాలు డబ్బాలల్ల అట్లనే పడున్నయి. జెర గీ పని బంద్ పెట్టు."

"నేనేమన్న పిలుస్తున్ననా? కొనలేకనే వస్తున్నరు."

"మొత్తం పుస్తకం తీసిస్తున్నవ్. గది దొంగతనమే కదా."

"మరి నీ తాన కొనకపోతే సంతకం పెట్టరంట. గదేంది?"

మహేంద్ర తలవంచుకున్నాడు. "అది నా చేతుల లేదు" అన్నాడు.

అక్కడితో వదిలేస్తే పోయేది. రేఖ వదల్లేదు. "అమ్ముకునుడు చేతగాక ఆడదాని కాళ్లు పట్టుకోనొచ్చినవ్. సిగ్గుండాలె" అంది. పిల్లలు ఫక్కున నవ్వారు. మహేంద్ర వాళ్లందరినీ ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

వారం తర్వాత, పరీక్షలు దగ్గర పడ్డ రోజుల్లో, పన్నెండు గంటల ఎండలో అతను మళ్లీ వచ్చాడు. వెంట ఇద్దరు మనుషులు. ముగ్గురి చేతుల్లోనూ ఇనుప రాడ్లు. మొదటి దెబ్బకు కౌంటర్ అద్దం పగిలి కింద పరుచుకుంది. రెండోవాడు మిషన్ మూత ఊడబెరికి లోపల పొడిచాడు. నల్లటి పొడి గుప్పుమని లేచి షాపంతా కమ్మింది. పిల్లలు అరుస్తూ రోడ్డు మీదికి పరుగెత్తారు. సృజన మూలన చిక్కుకుపోయింది. చేతిలో లైబ్రరీ పుస్తకం ఉంది. దాన్ని గుండెకు హత్తుకుని గోడకు ఆనుకుంది.

"పుస్తకం కింద పడెయ్" అన్నాడు ఒకడు.

"ఇది లైబ్రరీది. వెయ్య" అంది సృజన.

వాడు పుస్తకం మీదికే రాడ్డు విసిరాడు. అది ఆమె కుడిచేతి వేళ్ల మీద పడింది. ఎండు పుల్ల విరిగినట్టు చప్పుడైంది. అన్ని అరుపుల మధ్యా ఆ చప్పుడు రేఖకు విడిగా వినబడింది.

స్పైరల్ బైండింగ్ మిషన్‌కు మూరెడు ఇనుప పిడి ఉంటుంది. రేఖ దాన్ని ఊడలాగి, ఎదురుగా ఉన్న మహేంద్ర మోకాలి మీద కొట్టింది. అతను గాజుపెంకుల్లో కూలబడ్డాడు. రాడ్డు చేతిలోంచి జారి దూరంగా దొర్లింది. మిగతా ఇద్దరూ అప్పటికే బయటపడ్డారు. రేఖ వంగి రెండో దెబ్బ మొహం మీద కొట్టింది. కుడికన్ను చితికింది. ఇంకో దెబ్బకు చెయ్యి లేపేసరికి, పక్కన పంచర్లు వేసే యాదన్న పరుగెత్తుకొచ్చి వెనక నుంచి గట్టిగా పట్టుకున్నాడు. "సచ్చిపోతడు రేఖమ్మా, ఇడువు" అంటూ ఆమెను రోడ్డు మీదికి ఈడ్చుకెళ్లాడు.

పోలీసులు రెండు వైపులా కేసులు రాశారు. రేఖను చంచల్‌గూడ ఆడవాళ్ల జైలుకు పంపారు. అక్కడ మూడోరోజే, నీళ్ల దగ్గర తనను తోసిందని రేఖ ఒకామె జుట్టు పట్టి తల నేలకు కొట్టబోయింది. ఆ తల చేతికి బరువుగా తగిలేసరికి ఎందుకో ఆగి వదిలేసింది. ఆమె మాత్రం లేచి రేఖ చెంపలు వాయించింది. రేఖ తిరిగి కొట్టలేదు.

మూడు వారాలకు ములాఖత్‌కు కమలాకుమారి వచ్చింది. కాలేజీ లైబ్రేరియన్ ఆమె. కోస్తా నుంచి భర్త ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి.

"సృజన పరీక్ష రాసిందమ్మా. తను చెబుతుంటే ఇంకో అమ్మాయి రాసింది" అంది. "సెట్టు కొనాలన్న నిబంధన తీసేశారు. లైబ్రరీకి ఈ-పుస్తకాలు కూడా తీసుకున్నాం. రచయితలు ఉచితంగా పెట్టినవి ఇంకొన్ని నేనే వెతికి ఇచ్చాను. పిల్లలు ఫోన్లలో చదువుకుంటున్నారు."

"గవి ముంగటనే ఎందుకు తేలేదు మేడం?"

"రెండేళ్లుగా అడుగుతూనే ఉన్నాను రేఖా. ఫైలు కదల్లేదు. నెత్తురు పడ్డాక నాలుగు రోజుల్లో కదిలింది."

తను ఇన్నాళ్లూ నమ్మింది అదే కదా అనుకుంది రేఖ. సంతోషం కోసం తడుముకుంటే ఆ పిల్ల వేళ్ల చప్పుడే చెవుల్లో పడింది.

నలభై రోజులకు బెయిలు వచ్చింది. పాండు తను వ్యాను నడిపే కంపెనీలో లోన్ పెట్టి కంప్యూటర్, చిన్న ప్రింటర్ కొన్నాడు. ఫోన్‌లో గంటలకొద్దీ చదివి కళ్లు లాగుతున్నాయని, అనుమతి ఉన్న పాఠాలను కొందరు ప్రింటు తీయించుకునేవారు. మునుపటిలో పావువంతు బేరం కూడా లేదు. సృజన కూడా వచ్చింది. కుడిచేతి రెండు వేళ్లు ఇక వంగవు. ఫోన్‌లో పేజీలను ఎడమచేత్తో జరుపుతోంది.

"నా మీద కోపమున్నదా బిడ్డా?" అని అడిగింది రేఖ.

సృజన ఫోన్ కౌంటర్ మీద పెట్టింది. "కొట్టింది వాళ్లే అక్కా. కానీ ఆ రోజు మీరు ఆయన్ను అందరి ముంగట అట్ల అనకుంటే... మేము కూడా నవ్వినం" అని, కాగితాలు తీసుకుని వెళ్లిపోయింది.

సంగారెడ్డి కోర్టులో వాయిదాలు మూడేళ్లు నడిచాయి. ఒకసారి వరండాలో బెంచీ మీద రేఖ పక్కనే మహేంద్ర కూర్చోవాల్సి వచ్చింది. స్టాలు పోయింది. ఒక గోదాములో అట్టపెట్టెలకు టేపు వేసే పని చేస్తున్నాడు.

"నేను రాడ్లు పట్టుకొని వచ్చింది తప్పే. లేదంటలేను" అన్నాడు ఉన్న కంటితో నేలను చూస్తూ. "మోకాలు మీద కొట్టినవ్, పడ్డ. ఇగ లేవనని నీకు తెల్వదా? మళ్ల ఎందుకు కొట్టినవ్ రేఖా?"

"తెలుసు" అంది రేఖ.

ప్రాణభయంతో కొట్టానని చెప్పమని వకీలు ముందునుంచీ నేర్పుతూ వచ్చాడు. జడ్జి అడిగిన రోజున ఆమె వేరేగా చెప్పింది. "మొదటి దెబ్బ భయానికే కొట్టిన సార్. రెండోది భయానికి కాదు. ఆయన కింద పడ్డంక కొట్టిన." వకీలు ఫైలు మూసి కూర్చున్నాడు.

మహేంద్రకూ, అతని మనుషులకూ మూడేళ్ల జైలు పడింది. రేఖకు రెండేళ్లు. అప్పీలుకు పోదామన్నాడు వకీలు. ఆమె వద్దంది.

కోర్టు గేటు దగ్గర పోలీసు వ్యాను ఆగి ఉంది. పాండు ఏడుస్తూ నిలబడ్డాడు. రేఖ కాలిన చెయ్యి అతని భుజం మీద వేసింది.

"సృజనకు ఇంక నలభై పేజీలు ఇచ్చేది ఉన్నది. కాగితానికి రెండు దిక్కులా తియ్యకు, సిరా అవతలికి కొడ్తది. ఒక్క దిక్కే తియ్యి" అని చెప్పి వ్యాను ఎక్కింది.