కాసిం చాచా పేరు లేని పుస్తకం

ఇంటర్ తప్పిన సారంగపాణికి మగ్గం మీద కూర్చోవడం ఇష్టం లేదు. కొత్తవాడలో వాళ్లది జంపఖానాలు నేసే ఇల్లు. తండ్రి నర్సింగం కొన్నాళ్లు కోపంగా తిరిగి, చివరికి తనే కొడుకును వెంటబెట్టుకుని వరంగల్ చౌరస్తా దగ్గర బోర్డులు రాసే కాసిం సాబ్ దుకాణానికి తీసుకుపోయాడు. అది 1971.

"చదువు అబ్బలే. మగ్గం వద్దంటాండు. మీ చేతిల పెడుతున్న" అన్నాడు నర్సింగం.

"ఫికర్ చేయకు. చెయ్యి కుదిరితే మనిషి కుదురుతడు" అన్నాడు కాసిం సాబ్.

కాసిం సాబ్ చదువుకున్నది ఉర్దూ ఒక్కటే. తెలుగు బాగా మాట్లాడేవాడు, కూడబలుక్కుని చదివేవాడు. ఇంగ్లీషులో అక్షరాలు తెలుసు గానీ మాటల అర్థం తెలియదు. అయినా ఊళ్లో మూడు భాషల బోర్డు కావాలంటే ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన సారంగపాణికి వెంటనే కుంచె ఇవ్వలేదు. ఉర్దూ రాసే వెదురు కలాన్ని ఏటవాలుగా చెక్కి ఇచ్చి, దానితో తెలుగు రాయమన్నాడు. ఆ కలంతో రాస్తుంటే 'అ' ఒకచోట లావెక్కి ఇంకోచోట వెంట్రుకంత సన్నగా సాగేది. తెలుగు అట్లా ఒళ్లు విరుచుకోగలదని సారంగపాణికి అప్పటిదాకా తెలియదు.

"మీ తెలుగుకు కింద వొత్తులుంటయి బిడ్డా. మా ఉర్దూకు మీదా కిందా చుక్కలుంటయి. ఇంగ్లీషోడు సక్కగ నిలబడుతడు. ముగ్గురికీ జాగ ఇడువాలె. ఒకని కాలు ఒకడు తొక్కొద్దు" అనేవాడు ఆయన.

సారంగపాణి ఆయన్ని చాచా అని పిలిచేవాడు. నాలుగేళ్లు అక్కడే పనిచేశాడు. తర్వాత చాచా ప్రోత్సాహంతోనే ఇంటర్ మళ్లీ రాసి పాసై, హైదరాబాద్‌లో చిత్రకళ చదివి, అక్కడి నుంచి బొంబాయిలో ఒక డిజైన్ సంస్థలో పరిశోధనకు కుదిరాడు. వేరు వేరు లిపులు ఒకే గోడ మీద ఎలా కలిసి బతుకుతాయన్నది అతని విషయం. అతను రాసిన తెలుగు అక్షరాల్లో ఉర్దూ కలం వాలు చూసి అక్కడి ప్రొఫెసర్ ముచ్చటపడ్డాడు. "ఇది రెండు సంస్కృతులు కలిసినచోట పుట్టిన అక్షరం" అన్నాడు. ఆ మాట సారంగపాణి మనసులో నాటుకుపోయింది.

1980 ఎండాకాలంలో అతను కెమెరాతో వరంగల్ వచ్చాడు. కాసిం సాబ్ దుకాణం మూసేసి వెంట తిరిగాడు. హనుమకొండలో దవాఖాన బోర్డు, ధర్మసాగర్ బడి గోడ, కేసముద్రంలో ధాన్యం వ్యాపారుల దుకాణాలు, అన్నీ ఆయనే చూపించాడు. ఎండ పడి మెరుస్తుంటే బోర్డుకు తన తువ్వాలు అడ్డం పట్టేవాడు. ప్రతి బోర్డు కింది మూలన ఎర్రరంగుతో, ఉర్దూలో, చిన్నగా 'కాసిం' అని ఉండేది.

బొంబాయిలో ఫొటోలు కడిగాక ప్రొఫెసర్ ఆ మూలను చూపించాడు. ఎరుపు కంటిని లాగుతోందని, అక్షరాలు మాత్రమే కనబడితే మేలని అన్నాడు. సారంగపాణి ఫొటోలన్నింటి అంచులూ కత్తిరించాడు. ఆ పరిశోధన పుస్తకంగా అచ్చుకు పోయి ప్రూఫులు వచ్చినప్పుడు ప్రతి ఫొటో కిందా ఇంగ్లీషులో 'రాసినవారు తెలియదు' అని ఉంది. పుస్తకం సిద్ధం చేసినవాళ్లు తమ పద్ధతి ప్రకారం పెట్టిన మాట అది. సారంగపాణి చూశాడు. దిద్దలేదు. రెండు సంస్కృతులు కలిసి పుట్టించిన అక్షరమని పుస్తకమంతా వాదించి, కింద ఒక మనిషి పేరు పెడితే వాదం చిన్నబోతుందనిపించింది. ఇదంతా గురువు దగ్గర నేర్చిందే కదా అని ఎవరైనా అంటారేమోనన్న భయం కూడా ఉంది. ఆ రెండోది చాలా రోజులు తనకు తానే ఒప్పుకోలేదు.

1982లో పుస్తకం వచ్చింది. విదేశాల్లో జరిగిన ఒక సదస్సులో దాన్ని మెచ్చుకున్నారు. సారంగపాణి ఒక ప్రతి తీసుకుని సంబరంగా చౌరస్తాకు వచ్చాడు. కాసిం సాబ్ చేతులకంటిన రంగు కిరసనాయిలుతో తుడుచుకుని, సబ్బుతో కడుక్కుని, అప్పుడు పుస్తకం పట్టుకున్నాడు.

"అరె, ఇది కేసముద్రంది! ఇది బట్టల దుకాణంది. ఎంత మంచిగ పడ్డది!"

పేజీలు తిప్పుతూ తిప్పుతూ నెమ్మదించాడు. ఆయన బొటనవేలు ప్రతి ఫొటో కింది మూలన ఆగసాగింది. ఆ తర్వాత అచ్చు అక్షరాల మీదికి జరిగింది.

"యు, ఎన్, కె, ఎన్, ఓ, డబ్ల్యు, ఎన్" అని చదివాడు. "ఈ మాట అన్నింటి కిందా ఉన్నది. ఏందిది బిడ్డా?"

అబద్ధం చెప్పడానికి సారంగపాణికి నోరు రాలేదు. "తెల్వది అని చాచా."

"ఏం తెల్వది?"

"రాసినోళ్లు ఎవరో."

కాసిం సాబ్ పుస్తకం మూశాడు. కోప్పడలేదు. చాయ్ తెప్పించాడు. సారంగపాణి తాగినంతసేపూ బజారు సంగతులు మాట్లాడాడు. లేచి వచ్చేటప్పుడు పుస్తకం అతని చేతిలో పెట్టి, "మంచిగ అచ్చేసిండ్రు సారూ" అన్నాడు.

పదకొండేళ్లుగా బిడ్డా అని పిలిచిన నోరు అది.

కొత్తవాడ ఇంటికి వచ్చి భార్య కమలకు జరిగింది చెప్పాడు.

"రేపే పోయి తప్పయిందని చెప్పుండ్రి" అంది ఆమె.

"ఒట్టి చేతులతోని ఎట్ల పోను? పేరు అచ్చేయించి, ఆ పుస్తకం పట్టుకొని పోత."

"ఆయన అడిగింది పుస్తకమా?"

సారంగపాణి వినలేదు. ప్రచురణకర్తలకు రాశాడు. మళ్లీ అచ్చువేసినప్పుడు చూస్తాం, పేరు కనిపించే ఫొటో పంపండి అన్నారు. కడిగిన ఫిల్ములు బొంబాయి వానల్లో చెమ్మ పట్టి పాడైపోయాయి. 1984లో బొంబాయిలో పని మానేసి హనుమకొండకు వచ్చి, ఒక కాలేజీలో డ్రాయింగ్ చెప్పడానికి చేరి, బోర్డుల కోసం తిరిగాడు. చౌరస్తాలో చాలావరకు లైట్లు వెలిగే ప్లాస్టిక్ బోర్డులు వచ్చేశాయి. బడి గోడకు సున్నం కొట్టారు. చివరికి కేసముద్రంలో ఒక వ్యాపారి కొట్టు మీద, తుప్పు పట్టిన రేకు బోర్డు ఒక్కటి, మూలన మాసిపోయిన ఎర్ర పేరుతో, దొరికింది. దాన్ని ఫొటో తీసి పంపాడు.

ఇన్నాళ్లూ చాచా దుకాణం ముందు నుంచి పోవాల్సివస్తే పక్క సందులోంచి తిరిగి పోయేవాడు. కాసిం సాబ్ చూపు మందగించి దుకాణం మూశాడని, జనగామలో కూతురు జులేఖా దగ్గర ఉంటున్నాడని తెలిసింది. జనగామ రైల్లో ఎంతో దూరం కాదు. పుస్తకం రానీ అనుకున్నాడు. 1986లో ఆయన పోయాడు. ఆ కబురు కూడా నెల దాటాక ఎవరో బస్సులో మాటల మధ్య చెబితే తెలిసింది.

రెండో ముద్రణ 1988లో వచ్చింది. బోర్డు మూలనున్న మాసిన పేరు అచ్చులో ఆనలేదు గానీ, కేసముద్రం ఫొటో కింద కాసిం సాబ్ పేరు వేశారు. సారంగపాణి దాన్ని తీసుకుని జనగామ వెళ్లాడు. జులేఖా గుర్తుపట్టి కుర్చీ వేసింది. అతను పేజీ తెరిచి చూపించాడు. ఆమె కాసేపు చూసి తల ఎత్తింది.

"ఇంగ్లీషుల ఉన్నది కద భయ్యా. మాకు రాదు. ఏం రాసిండ్రు?"

మూడు లిపుల మీద పరిశోధన చేసిన తనకు ఆ పేరును ఉర్దూలో వేయించాలని తోచనే లేదు. వేలు పెట్టి చదివి వినిపించాడు.

"అబ్బాకు ఈ కితాబు మీద ధ్యాసే లేకుండె" అంది జులేఖా. "కండ్లు పోయినంక గూడ, తలుపు చప్పుడైతే సారంగపాణి అచ్చిండేమో సూడు అనేటోడు."

సారంగపాణి తలవంచుకుని కూర్చున్నాడు. ఆమె పుస్తకం తీసుకుపోయి అలమారలో పెట్టి, అతని కోసం చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.