సార్ పెట్టిన పుట్టినరోజు

ఇస్నాపూర్‌లో మేం చదివిన బడిలో సగం మంది పిల్లలు జూన్ నెలలోనే పుట్టారు. తల్లులందరూ కూడబలుక్కుని కన్నారని కాదు. చేర్పించడానికి వచ్చినప్పుడు పుట్టిన కాగితం లేకపోతే కరస్పాండెంట్ సారే ఒక తేదీ పెట్టేవాడు. బడి తెరిచే నెల కాబట్టి ఆయనకు జూన్ మీదే మనసు. పైగా ఒక ఏడాది తగ్గించేవాడు. "సర్కారు నౌకరికి పనికొస్తది," అనేవాడు. మా నాన్న ఆ మాటకు పొంగిపోయి రెండు చేతులూ జోడించాడట. నాలుగేళ్లు నిండిన మా చెల్లి ఆ పూట మూడేళ్లదై ఇంటికొచ్చింది.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అ ఆలు రాని పిల్లకు ఉద్యోగం వయసు మిగిల్చారు. ఆ బడిలో చదివి సర్కారు కుర్చీలో కూర్చున్నవాణ్ని నేనింతవరకు ఒక్కణ్నీ చూడలేదు. నా తోటివాళ్లంతా నాలాగే కంపెనీ బస్సుల్లో షిఫ్టులకు పోతున్నారు.

చెల్లికి లెక్కల పిచ్చి. నేను ఇంటర్ పుస్తకం ముందు తల పట్టుకుని కూర్చుంటే, ఎనిమిదో తరగతి పిల్ల వెనక నుంచి తొంగిచూసి, "అక్కా, గీడ గుర్తు తప్పేసినవ్," అని పోయేది. నాకు ఒళ్లు మండేది. చూసుకుంటే తప్పే. నేను ఇంటర్ గట్టెక్కింది దాని చలవే. ఎనిమిది అయ్యేలోపే అది పదో తరగతి పుస్తకాలన్నీ ముగించింది. తొమ్మిదిలో కూర్చున్న కొన్నాళ్లకే బడికి పోనని మొండికేసింది.

"మల్ల గవే చెప్తున్రు అక్కా. నిద్రొస్తుంది."

ఓపెన్ స్కూల్లో ఆ ఏడాదే పది రాయించి, వచ్చే జూన్‌లో సంగారెడ్డిలో ఇంటర్‌లో చేర్పిద్దామన్నాను. అమ్మా నాన్నా సరేనన్నారు. పరీక్ష రాయడానికి పద్నాలుగేళ్లు నిండాలి. దానికి నిండాయి. సార్ లెక్కలో మాత్రం ఇంకా పదమూడే. ఆయన పెట్టిన తేదీయే ఆధార్‌లోకీ ఎక్కింది.

తేదీ దిద్దించమని అమ్మా నేనూ ఆయన గదికి వెళ్లాం. చెల్లి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఏజ్ లేదు గదమ్మా," అన్నాడు సార్, ఆ ఏజ్ ఎవరో ఎత్తుకుపోయినట్టు మొహం పెట్టి.

"మీరే తగ్గించిన్రు గద సార్," అంది అమ్మ. "నేను కన్న పిల్ల వయసు నాకు తెల్వదా?"

"నువ్వు కన్నవ్, కాదంటలేను. కానీ రికార్డు రికార్డే. నీ బిడ్డదొక్కటి దిద్దితే రేపు బడి మొత్తం నా మీదికొస్తది." తర్వాత గొంతు మెత్తన చేశాడు. "అయినా గంత జల్దీ ఏంది? చిన్న పిల్ల. పెద్ద పిల్లల నడుమ కూసుంటే బెదిరిపోతది. ఒక్క ఏడాదే గద."

ఒక్క ఏడాదే! గల్లీలో అందరిదీ అదే పాట. మా పెద్దమ్మ అయితే పిల్లకు దిష్టి తగులుతుందని కూడా కనిపెట్టింది. చౌరస్తాలో ఒక్క నిమిషం ఆగలేక హారన్ కొట్టి చంపే మనుషులు, పక్కింటి పిల్ల ఏడాదిని ఎంత ఓపికగా ఖర్చు పెడతారో! నాకు వాళ్ల మీద కోపం కూడా రాలేదు. రోత పుట్టింది. చెల్లి మాత్రం రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు సంచీ తగిలించుకుని మళ్లీ తొమ్మిదో తరగతికే పోయింది.

దసరా సెలవులయ్యేసరికి లెక్కల టీచర్ తెల్లాపూర్‌లో ఎక్కువ జీతమిచ్చే బడికి వెళ్లిపోయింది. కొత్త టీచర్ దొరకలేదు. వెతికితే కదా దొరకడానికి! సార్ తొమ్మిదో తరగతి గుమ్మంలో నిలబడి మా చెల్లిని పిలిచాడు. "బేటా, టెన్త్ వాళ్లకు జెర గా చాప్టర్ చెప్పి రాపో."

ఆ జెర పరీక్షల దాకా సాగింది. పెద్ద పిల్లల నడుమ కూర్చుంటే బెదిరిపోయే పిల్ల, వాళ్ల ముందు చాక్‌పీసు పట్టుకుని నిలబడితే మాత్రం బెదరదన్నమాట. నేను పోయి సార్‌ను కడిగేస్తానంటే చెల్లే ఆపింది.

"లొల్లి వెట్టకు అక్కా. గాళ్లు ఫెయిలైతరు."

అందరూ పాసయ్యారు. గేటుకు ఫ్లెక్సీ కట్టారు. అందులో నిలువెత్తు సార్, ఆయన కాళ్ల దగ్గర పిల్లల మొహాలు చిన్నచిన్నగా. లెక్కల ఫలితాలు తన కృషేనని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు, సిగ్గు లేకుండా.

చెల్లి దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లు జూన్‌లో కాలేజీ బస్సెక్కారు. చెల్లి మాత్రం వాళ్లు ఖాళీ చేసిన బెంచీ మీద కూర్చోబోతోంది. మొదటి రోజు పుస్తకాలు ఇప్పించడానికి నేనూ వెళ్లాను. సార్ గదిలో మా గల్లీలో ఉండే ఒకావిడ పాపను చేర్పించడానికి వచ్చి ఉంది. పాప ఊరికే ఉండకుండా గోడ మీది క్యాలెండర్‌లో అంకెలు వేలితో చూపిస్తూ పైకి చదువుతోంది.

"పుట్టిన కాగితం లేదు సార్. ఊర్ల ఇంట్లనే పుట్టింది," అంది ఆవిడ.

"ఏం పరేషాన్ గాకమ్మా. ఒక ఏడాది తగ్గించి ఏస్త. సర్కారు నౌకరికి పనికొస్తది."

ఆవిడ చేతులు జోడించింది, ఒకప్పుడు మా నాన్న జోడించినట్టే.

చెల్లి చేతిలోని పుస్తకాలు బల్ల మీద పెట్టింది.

"ఉన్నది ఉన్నట్టు రాయున్రి సార్," అంది. "గా పాపకు చదువొస్తే ఎట్ల మరి?"