అత్తయ్యగారి లిల్లీలు తిన్న పురుగు

ఆదివారం చర్చికి ఇద్దామని మా అత్తయ్యగారు అమలాపురం ఇంట్లో పెంచుకుంటున్న లిల్లీలను తెల్లచుక్కల నల్ల పురుగులు దుంప దాకా తినేశాయి. ఈ రోజు పొద్దున ఆవిడ కుండీల దగ్గర నిలబడి వాటిని తిడుతుంటే, ఎరుపూ పసుపూ మచ్చలున్న రెక్కల పురుగొకటి వచ్చి ఆవిడ భుజం మీద వాలింది. ఎగిరిపోతుందేమోనని తిట్లు ఆపేశారు.

"ఎంత ముచ్చటగా ఉందో చూడమ్మా."

"మీ లిల్లీలు తిన్న పురుగులే పెరిగి ఇలా అవుతాయండి," అన్నాను.

కొట్టడానికి చెయ్యెత్తారు కానీ మనసొప్పలేదు. వరండాలో పనసాకుల్లో ఉడికించిన పొట్టిక్కలు తింటున్న మా ఆయన వైపు చూసి నిట్టూర్చారు.

"పోన్లేమ్మా, దీనికి తిన్నది ఒంటికి పట్టింది. మావాడికి ఇన్నేళ్లుగా పెడతన్నాను, ఎలా ఉన్నాడో చూడు."

మా ఆయన సాయంత్రమైనా మా ఇద్దరితో మాట్లాడలేదు. పురుగుతో పోటీపడి ఓడిపోయినవాళ్లు మీ ఇళ్లలోనూ ఉన్నారాండీ?