యోగా జాగాలో బాపు అరక

సిగ్గుకైనా ఒక హద్దుండాలి. నాకది లేకే, పట్నం నుంచి వచ్చిన పెద్దమనుషుల మీదికి ఎడ్లను తోలించినంత పని చేశాను. మీరు నవ్వుకోండి, పర్లేదు. ఆ రోజు నాకైతే ఏడుపొక్కటే తక్కువ.

కోస్గి అవతల ఒక మామిడితోటలో యోగా, బొమ్మలు వేయడం నేర్పే విడిది ఒకటుంది. అందులో యోగా నేర్పేది నేనే. మాదేమో గొర్లు కాసే ఇల్లు. పొద్దంతా గుట్టల వెంట తిరిగే బాపుతో, జనాన్ని వెల్లకిలా పడుకోబెట్టి జీతం తీసుకుంటున్నానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? తోట సూపర్‌వైజర్నని చెప్పాను. సూపర్‌వైజర్ ఏం చేస్తాడని ఊళ్లో ఎవరూ అడగరు కదా!

యోగా చేసే జాగాలో గడ్డి మొలవడం లేదు. మందులు చల్లకుండా ఏదైనా చెయ్యమంది విడిది నడిపే మేడం. గొర్లకాపరి కొడుకుని, నాకు తెలియందేముంది! వెంటనే ఫోన్ చేశాను.

"బాపూ, మా తోటల ఒక్క రాత్రి మంద పెడ్తవా?"

"గదేం భాగ్యం బిడ్డా! నీ కొలువు కాడ పెట్టక ఇంకెవల కాడ పెడ్త?"

మందను రాత్రంతా ఒకచోట ఆపితే పెంటికలతో నేలకు బలమొస్తుందని మా వైపు చిన్నపిల్లలకూ తెలుసు. తెల్లారి ఎండ ముదరకముందే ఆ నేలను దున్నాలనీ తెలుసు. ఆ రెండోది నేను మర్చిపోయాను. చదువుకున్నవాణ్ణి మరి!

ఆ రాత్రి మంద పెట్టి, తెల్లారి బాపు గొర్లను తోలుకుపోగానే పైపైన ఊడ్చి చాపలు పరిచాను. పట్నంవాళ్లు వచ్చి పడుకున్నారు.

"కళ్లు మూసుకోండి. గట్టిగా ఊపిరి పీల్చండి," అన్నాను. పీల్చారు పాపం. అందరూ ఒక్కసారే దగ్గారు.

"ఇదేం వాసనండీ?" అందొకావిడ.

"ప్రకృతి మేడం," అన్నాను.

అంతలో గేటు దగ్గర ఎడ్ల గజ్జెల చప్పుడు. అరక కట్టుకుని బాపు! మంద పెట్టిన నేల దున్నకుండా వదిలితే కొడుకు పరువు పోతుందని, అడగకుండానే వచ్చాడు. వరసగా పడి ఉన్న మనుషుల్ని చూసి ఎడ్లను ఆపేశాడు.

"అయ్యో, గీళ్లకేమైందిరా? దవాఖానకు ఫోన్ చేసినవా?"

"ఏంగాలే బాపూ. పండుకున్నరు."

"దున్నే జాగల పండుకునుడేంది? సూపర్‌వైజర్‌వి గద, లేపు!"

"నేనే పండవెట్టిన బాపూ. గిదే నా కొలువు. సూపర్‌వైజర్ అని అబద్ధమాడిన."

బాపు మొహం చిన్నబోయింది. కొడుకు కొలువు గురించి ఊరంతా చెప్పుకున్న మనిషి. ఇక నన్నెప్పటికీ నమ్మడేమోనని నిజంగా భయమేసింది.

"ఎవలనన్న మోసం చేస్తున్నవా?" అన్నాడు చివరికి.

"లేదు. ఒళ్లు నొప్పులోళ్లు, నిద్ర పట్టనోళ్లు వస్తరు."

"మరి దాసుడెందుకురా? గొర్లు కాస్తనని నేనెవలకన్న దాసిన్నా?"

తల వంచుకున్నాను. బాపు దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యేశాడు.

"బడికి లేపితే లేవకపోతుంటివి. మీ అమ్మ నీళ్లు చల్లి చల్లి అలసిపాయె. గా నిద్రే ఇయ్యాల నీకు బువ్వ పెడ్తాంది. గీ ముచ్చట అప్పుడే తెలిస్తే గన్ని తన్నులు తప్పుతుండె గదరా!"

కళ్లు మూసుకుని పడుకున్నవాళ్లందరూ పడీపడీ నవ్వారు. ఆ రోజు యోగా అంతే.

అప్పుడే బాపు చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: చచ్చినా నా కొలువు పేరు మార్చి చెప్పను, ఎవరడిగినా జనాన్ని పడుకోబెడతాననే చెప్తాను అని. మొన్న పెళ్లిచూపుల్లోనూ అదే చెప్పాను. సంబంధం తప్పిపోయింది గానీ ఒట్టు తప్పలేదు.