కనీస వేతనానికి ఒక ఆమెన్

ఉదయం తొమ్మిదింబావుకి లక్ష్మీ నగర్‌లో మెట్రో ఎక్కాం. చీరాల నుంచి ఢిల్లీ వచ్చి రెండు రోజులే అయింది. ఎర్రకోట చూడకుండా నేను మా చెల్లెలి కూతురు సునీత వెంట పడ్డాను. కనీస వేతనం పెంచాలా వద్దా అని జన్‌పథ్ దగ్గర ఒక హాల్లో అధికారులు అందరి మాటా వింటారట. సునీత పగలు ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో నర్సు, సాయంత్రం ఒక ముసలాయన ఇంట్లో రెండో డ్యూటీ. జీతం పెరిగితే ఆ రెండోది మానేసి, ఆరేళ్ళ కూతురు నిద్రపోకముందే ఇల్లు చేరాలని దాని ఆశ. ఇవాళ పగటి డ్యూటీకి సెలవు పెట్టి తనూ మాట్లాడబోతోంది గానీ, మైకంటే భయం.

టికెట్ మనిషికి ముప్పై రెండు రూపాయలు. యమున దాటుతుండగా ఎదుటి సీట్లోంచి సునీత వాళ్ళ చర్చి పెద్ద దేవదానం గారు పలకరించారు. బట్టలు కుట్టించే చిన్న కార్ఖానా ఉందాయనకు. ఆయనా అక్కడికే, వద్దని చెప్పడానికి!

“జీతాలు పెంచితే నా ఎనిమిది మందిలో ఇద్దర్ని పంపెయ్యాలమ్మా. వాళ్ళిల్లు ఎట్టా గడుస్తది?”

“మరి నా ఇల్లో, అంకుల్?” అంది సునీత.

“అచ్ఛా, అక్కడ చెప్పుకుందాంలే” అంటూ ఆయన మాకు పల్లీల పొట్లం ఇచ్చారు. మెట్రోలో తినకూడదట, సంచిలో వేసుకున్నాను.

మండీ హౌస్‌లో రైలు మారి పదింటికల్లా చేరాం. మనిషికి రెండు నిమిషాలు. దేవదానం గారు ముందు మాట్లాడారు, బాగానే మాట్లాడారు. తర్వాత సునీత మైకు ముందు నిలబడి, భయంతో కళ్ళు మూసుకుంది. అంతే, ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పే అలవాటు ఆదుకుంది. “వందనాలు” అని మొదలుపెట్టి, హిందీలోకి దిగి, రెండు డ్యూటీల గురించీ, రోజూ తను ఇల్లు చేరేసరికే నిద్రపోయే కూతురి గురించీ చెప్పింది. “ఒక్క పనితో ఇల్లు గడవాలి, ఇదే నా ప్రార్థన” అని ముగించింది.

“ఆమెన్!”

హాలంతా వినబడేలా అన్నది దేవదానం గారే. అధికారులు కూడా నవ్వేశారు. ఆయన మొహం కందగడ్డ అయింది. నాకు నవ్వూ ఆగలేదు, కన్నీళ్ళూ ఆగలేదు.

పన్నెండింటికి బయట ఛోలే కుల్చా తిని మళ్ళీ మెట్రో ఎక్కాం.

“అది అలవాటు కొద్దీ వచ్చింది. ఒప్పుకున్నట్టు కాదు” అన్నారాయన.

“ఠీక్ హై, అంకుల్” అంది సునీత, నవ్వు దాచుకుంటూ.

మేం దిగబోతుంటే ఆయనే మెల్లగా అన్నారు. “మా దగ్గర కాజాలు కుట్టే దీదీ కూడా సాయంత్రం ఇంకోచోట పనిచేస్తదమ్మా. ఎంతిస్తే ఆ రెండో పని మానేస్తదో రేపు అడుగుతా.”

అధికారులు ఏం తేలుస్తారో తెలీదు. ఎర్రకోట ఇంకా చూడలేదు గానీ, ఢిల్లీ నాకు తెగ నచ్చేసింది. ఇంటికొచ్చి పల్లీలు తిన్నాం. నాలుగింటికి సునీత రెండో డ్యూటీకి చెప్పులేసుకుంటూ, “ఇంకొన్నాళ్ళేరా” అంది కూతురితో.

“పక్కా?” అని అడిగింది పిల్ల.